వయస్సంధి

తెలుగునాట "సంధి" యను మాట మూడు చోట్ల మూడు విధములుగా వినబడును. బడిలో వ్యాకరణము చెప్పు పంతులుగారి నోట విన్నచో అది రెండచ్చుల కలయిక: ముందటిది లోపించి వెనుకటిది నిలుచును, లేదా రెంటికిని మాఱుగా వేఱొకటి వచ్చును, అదియు కాదేని నడుమ నొక యకారము పిలువని పేరంటముగా వచ్చి కూర్చుండును. రాజులు పోరు చాలించుకొన్నచో అది ఒడంబడిక. ఇక జ్వరము ముదిరి, రోగి యింటికప్పు వంక చూచుచు, ఏనాడో గతించిన మేనమామను పేరుపెట్టి పిలుచుచు, పొంతనలేని మాటలు పలుకుచున్నప్పుడు అమ్మమ్మలు గొంతు తగ్గించి "సంధి పుట్టింది" అనుకొందురు. ఈ మూడింటికిని నిఘంటుకారులు ఏ వ్యుత్పత్తులు చెప్పినను చెప్పుదురు గాక; ఒక వయస్సును వీడి మఱియొక వయస్సున నడుగిడు మనుష్యుని చూచినప్పుడెల్ల నాకు మాత్రము ఆ మూడర్థములును ఒక్కచోటనే కానవచ్చును. అతనిలో నేదియో లోపించుచుండును, ఏదియో వచ్చి చేరుచుండును. పోయినదానికిని వచ్చినదానికిని ఒడంబడిక కుదురువఱకు అతడు కొంత ప్రేలుచునే యుండును.

ప్రబంధకవులు వయస్సంధి యనగా బాల్యమును వీడుచున్న కన్యక మేనిసొంపులను వర్ణించుటకు దొరకిన యవకాశముగనే యెంచిరి. ఆ కన్యక మనస్సులో నేమి జరుగుచున్నదో విచారించినవారు తక్కువ. నిజమునకు మనుష్యుని యాయువున సంధి ఒక్కటి కాదు. చదువు ముగిసి కొలువు దొరకని యువకుడును, అత్తవారింట మొదటి వేకువను ఏ గిన్నె యెక్కడ నున్నదో తెలియక వంటయింటి గడపలో నిలిచిపోయిన క్రొత్తకోడలును, తోడు పోయిన యింటిలో రెండవ పీట వేయబోయి చేయి వెనుకకు తీసికొన్న వృద్ధుడును సంధిలో నున్నవారే. మా వీథిలో నొక ప్రధానోపాధ్యాయులుండెడివారు. పింఛను పుచ్చుకొన్న పిదప కూడ రెండేండ్లపాటు, తొమ్మిదిన్నరకు కోటు తొడిగికొని, గొడుగు చంకను బెట్టుకొని, వీథిమలుపు దాక వచ్చి, బడిగంట వినబడగానే జేబుగడియారము తీసి చూచి, "నేడు రెండు నిమిషములు ఆలస్యము" అని తమలో తాము గొణిగికొని యింటికి మఱలెడివారు. మేము పిల్లలము చాటున నవ్వుకొనెడివారము. మేము నవ్వినది ఎంతటి గడ్డు ఘడియను చూచియో నాకు బోధపడుటకు ముప్పదియేండ్లు పట్టెను. బోధపఱచినది ఒక పరదేశపు మనశ్శాస్త్రజ్ఞుని గ్రంథము. ఆ మనశ్శాస్త్రజ్ఞుని పేరు ఎరిక్ ఎరిక్సన్. ఆ పేరు ఆయన పుట్టుకతో వచ్చినది కాదు. కథ అక్కడనే మొదలగుచున్నది.

ఆయన 1902 జూన్ 15వ తేదీన జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున జన్మించెను. తల్లి కార్లా ఆబ్రహామ్‌సెన్ కోపెన్‌హేగెన్‌లో పేరుపొందిన యూదుకుటుంబపు ఆడపడుచు. ఆమెను పెండ్లియాడిన సాలమన్‌సెన్ అనునతడు బిడ్డ పుట్టుటకు చాలకాలము ముందే ఆమెకు దూరమై పోయెను; బిడ్డకు ఇంటిపేరు మాత్రము ఆ లేని భర్తదే వచ్చెను. కన్నతండ్రి యెవరో ఆమె కుమారునకు చెప్పలేదు. బాలునకు మూడేండ్ల ప్రాయమున ఆమె, కార్ల్స్‌రూహె పట్టణమున పిల్లల వైద్యుడుగా నున్న థియోడోర్ హోంబుర్గర్‌ను వివాహమాడెను. ఆ వైద్యుడే నీ తండ్రి యని బాలునకు చెప్పిరి. మంచి యుద్దేశముతోనే చెప్పిరి. కాని పిల్లలు పెద్దల మాటలను నమ్మినను వారి ముఖములను చదువుట మానరు. పొడవుగ పెరిగి, పసిడిజుట్టును నీలికన్నులును గల యీ బాలుని, ప్రార్థనామందిరమున యూదుల పిల్లలు పరజాతివాడని వెక్కిరించిరి. బడిలో జర్మనుల పిల్లలు యూదుడని యెడముగ నుంచిరి. రెంటికీ చెడిన రేవడి కథ మనకు సామెతలో దొరకును గాని, ఆ రేవడికి పదియేండ్లప్పుడు రాత్రులు నిద్ర యెట్లు పట్టెనో సామెత చెప్పదు.

ఉన్నతపాఠశాల చదువు ముగిసిన పిమ్మట ఆయన విశ్వవిద్యాలయమున చేరలేదు. వైద్యవిద్య చదివింపవలెనని పెంపుడుతండ్రి కోరిక. కుమారుడు మూట భుజమున వేసికొని బ్లాక్ ఫారెస్టు కొండలలోను, ఇటలీ నగరములలోను తిరుగుచు, బొమ్మలు గీయుచు, కొయ్యపై చెక్కుచు ఏడెనిమిదేండ్లు గడపెను. ఇప్పటి భాషలో చెప్పవలెనన్న ఆవారాగా తిరిగెను. 1927లో పీటర్ బ్లోస్ అను బాల్యమిత్రుడు వియన్నా నగరమునకు రమ్మని జాబు వ్రాసెను. అక్కడ డొరొతీ బర్లింగ్‌హామ్ అను అమెరికా వనిత తన పిల్లల కొఱకును, సిగ్మండ్ ఫ్రాయిడ్ కుమార్తె యైన ఆనా ఫ్రాయిడ్ చికిత్సలో నున్న పిల్లల కొఱకును చిన్న పాఠశాల యొకటి నడిపించుచుండెను. పిల్లల చిత్రపటములు గీయుటకు వెళ్ళిన యువకుడు ఉపాధ్యాయుడై నిలిచిపోయెను. ఉపాధ్యాయుడుగా నున్నవాని చూపులోని యోపికను కనిపెట్టి ఆనా ఫ్రాయిడ్ అతనిని మనోవిశ్లేషణమున శిష్యునిగ చేర్చుకొనెను. ఆమె ముందు పడుకొని తన మనస్సును విప్పుటయే ఆ విద్యలో ప్రథమపాఠము. విశ్వవిద్యాలయపు మెట్టెక్కని ఆయనకు చేతనున్న పత్రములు, మాంటిసోరీ శిక్షణపు యోగ్యతాపత్రమును, 1933లో లభించిన మనోవిశ్లేషకసంఘపు సభ్యత్వమును మాత్రమే. పట్టములు లేని యీయన తదనంతరము హార్వర్డులో ఆచార్యుడయ్యెను. చిత్రకారుని శిక్షణ ఆయనకు లోపము కాకపోగా పెట్టుబడి యయ్యెనని నా యభిప్రాయము. ఎదుటివాడు చెప్పుచున్నదానిని వినుటకు ముందు, వాడు దేనిని ఎక్కడ పెట్టుచున్నాడో, ఏ దిక్కు చూచుచున్నాడో, ఏది గీయక వదలుచున్నాడో చూచుట ఆయనకు అలవాటై పోయెను.

1930లో కెనడా దేశస్థురాలు, నర్తకియు నైన జోన్ సర్సన్‌ను వివాహమాడెను. 1933లో, హిట్లరు నీడ వ్యాపించుచున్న వేళ, దంపతులు చిన్నబిడ్డలతో వియన్నాను వీడిరి. తల్లిదేశమైన డెన్మార్కున నిలువనీడ దొరకక అమెరికాలోని బోస్టను చేరిరి. 1939లో పౌరసత్వము పుచ్చుకొనునప్పుడు ఎరిక్ హోంబుర్గర్ తన యింటిపేరును ఎరిక్సన్ అని మార్చుకొనెను. ఎరిక్సన్ అనగా ఎరిక్ కుమారుడు. తండ్రి పేరు తెలియనివాడు తనకు తానే తండ్రియై తన పేరునే యింటిపేరుగ చేసికొనెనన్నమాట. యూదుపేరును మఱుగుపఱచుకొనెనని కొందఱు విమర్శకులు తరువాత కఠినముగనే నిందించిరి. హోంబుర్గర్ అను పేరు మధ్యపేరుగ నిలుపుకొనెనని సమాధానము చెప్పినవారును కలరు. నాకు ఆ వాదముకన్న ఆ పేరు పెట్టుకొనుటయే చికిత్సవలె కానవచ్చుచున్నది.

ఇక ఆయన వైద్యుడుగ నేమి చేసెడివాడో చూపుటకు, 1950లో ప్రచురించిన "చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ" యను ప్రథమగ్రంథమునుండి యొక బాలుని కథ చెప్పెదను. బాలునకు గ్రంథమున పెట్టిన మాఱుపేరు శామ్. ఉత్తర కాలిఫోర్నియాలోని చిన్నపట్టణమున, ఒకనాటి వేకువను, మూడేండ్ల కొడుకు గదినుండి వింతచప్పుళ్ళు వినవచ్చి తల్లి పరుగెత్తి చూడగా వాడు మూర్ఛలో కొట్టుకొనుచుండెను. అయిదు దినముల క్రిందట వాని నాయనమ్మ గుండెజబ్బుతో పోయినప్పటి బాధ యెట్లుండెనో, ఇదియు తల్లి కంటికి అట్లే తోచెను. ఒక మాసమునకు పెరటిలో చచ్చిన పందికొక్కువంటి జంతువు నొకదానిని చూచిన పిదప రెండవసారియు, మఱి రెండు మాసములకు చేతిలో సీతాకోకచిలుక నలిగి చచ్చిన పిదప మూడవసారియు మూర్ఛ వచ్చెను. మెదడున స్వల్పమైన లోపము ఉండిన నుండవచ్చునని వైద్యులు. మనస్సునకు తగిలిన తాకుడే మూర్ఛను రేపినదని మూడవసారి తరువాత వారును చేర్చిరి.

ఎరిక్సన్ మెల్లగా ఆరాతీయగా తెలియవచ్చిన దేమన, నాయనమ్మ చూడవచ్చినప్పుడు, ఆమె గుండె బలహీనము గనుక అల్లరి చేయరాదని బాలుని అదుపున బెట్టిరి. ఒకనాడు తల్లి యింటలేని సమయమున వాడు కుర్చీనెక్కి పడెను. తల్లి తిరిగివచ్చుసరికి ముసలామె గుండెపట్టి నేలపై పడియుండెను. ఆమె మఱి కోలుకొనలేదు. కొన్ని మాసములకు కన్నుమూసెను. నాయనమ్మ సియాటిల్ నగరమునకు దూరప్రయాణమై వెళ్ళినదని తల్లి బాలునకు చెప్పెను. నాతో చెప్పకుండ ఏల వెళ్ళినదని వాడేడ్చెను. శవపేటికను ఇంటినుండి తీసికొనిపోవునప్పుడు, అందులో నాయనమ్మ పుస్తకములున్నవని మఱియొక మాట చెప్పెను. నాయనమ్మ అన్ని పుస్తకములు తెచ్చినట్లు వాడు చూచి యెఱుగడు; పుస్తకముల పెట్టె కొఱకు చుట్టములందఱును కన్నీరు పెట్టుకొనుట యేమో వానికి అంతుపట్టలేదు. తల్లిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. మన యిండ్లలోను తాతయ్య "ఊరికి వెళ్ళినాడు" అని చెప్పని వారెందఱు?

ఒకనాడు వైద్యుడును బాలుడును డొమినోబిళ్ళలతో ఆడుచుండిరి. డొమినో అనగా మన పాచికలమీదివలె చుక్కలు గల చిన్న పలకలు. వైద్యుడు కావలెననియే బాలుడు ఓడిపోవునట్లు ఆడెను. ఓడినకొలది వాని ముఖము పాలిపోయెను. చటుక్కున లేచి చేతికందిన రబ్బరుబొమ్మతో వైద్యుని ముఖమున కొట్టెను. అంతలో చూపు నిలిచిపోయి, డోకువచ్చినట్లై, కొంచెము సొమ్మసిల్లెను. తేఱుకొన్న పిమ్మట వాడు పలకలను సరిచేయుట మొదలిడెను. నలుచదరముగ, దీర్ఘముగ, పెట్టెవలె నిలిపెను. చుక్కలున్న ముఖములన్నియు లోపలివైపునకు త్రిప్పెను. బయటినుండి చూచువానికి ఆ చుక్కలు కనబడవు. చిత్రకారుని కన్ను పట్టినది ఆ యొక్క వైపరీత్యమునే. చుక్కలు చూడవలెనన్న ఆ పెట్టెలో పడుకొనవలెను గదా, చచ్చినవారివలె, అని వైద్యుడు మృదువుగ ననెను. బాలుడు లోగొంతుతో ఔననెను. నన్ను కొట్టినందుకు నీవు చావవలసి వచ్చునేమో యని భయపడుచున్నావా యని ఆయన అడిగెను. చావవలెనా యని వాడు ఎదురడిగెను. అక్కఱలేదని ఆయన చెప్పి, నాయనమ్మ నీవలననే చచ్చినదని యనుకొనుచున్నావు కాబోలునని ఆ కనబడని ముడిని విప్పెను.

ఇందులో మందు లేదు, మంత్రము లేదు. ఉన్నదెల్ల, ఇంటిలోనివారందఱును చుట్టుతిరిగి పోవుచున్న యొక మాటను, తగిన ఘడియలో, బిడ్డ తానే కట్టిచూపిన పెట్టెను ఆధారముగ చేసికొని, పైకి చెప్పుట. ఆ ఘడియకు ముందు చెప్పియున్న బాలుడు మూసికొనియుండును; తరువాత చెప్పిన అది ఉపన్యాసమై యుండును. మూర్ఛకు మెదడు కారణమా, మనస్సు కారణమా, లేక ఆ పట్టణమున తామొక్కరే యూదులైన యా కుటుంబము, ఇరుగుపొరుగునకు మంచివారమనిపించుకొనవలెనని కొడుకు దుడుకును అణచుట కారణమా యని అడిగినవారికి ఎరిక్సన్ మూడింటిలో నొకదానిని ఏరి యియ్యలేదు. శరీరము, మనస్సు, సమాజము మూడును ఒకదానినొకటి ఒత్తుచున్న చోటనే రోగము కూర్చుండునని ఆయన యభిప్రాయము. ఫ్రాయిడ్ శిష్యులు సర్వమును బాల్యమునకు త్రవ్వుకొనిపోవు కాలమున, రోగి యిప్పుడు ఆయువున ఏ మలుపులో నున్నాడు, ఆ మలుపును దాటించు చేయి అతని చుట్టును ఎవరిదైన కలదా యని ఆయన ముందుగ విచారించెడివాడు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున శాన్‌ఫ్రాన్సిస్కోలోని మౌంట్ జయాన్ వైద్యశాలకు, రణరంగమునుండి మఱలిన సైనికులను కొందఱిని తీసికొనివచ్చిరి. వారు పిఱికివారు కారు, వేషము వేయుచున్నవారు కారు; నిన్నటి తానును నేటి తానును ఒక్కడే యన్న నమ్మకము మాత్రము వారిలో తెగిపోయి యుండెను. అట్టివాడొకడు ముప్పదియేండ్లు దాటిన ఉపాధ్యాయుడు. సేనలో వైద్యసహాయకుడై ఆయుధము ముట్టనని పట్టుబట్టినవాడు. ఒక రాత్రి సముద్రతీరమున శత్రువుల గుండ్లు కురియుచుండగా, ఎవరో అతని చేతిలో తుపాకి యొకటి క్రుక్కిరి. ఆనాటినుండి తలనొప్పి, ఏ చిన్న చప్పుడైనను వణకు. కథ విప్పగా, పదునాలుగవ యేట, త్రాగిన మైకమున తల్లి తనపైకి తుపాకి గురిపెట్టగా దానిని లాగికొని విఱిచి కిటికీనుండి పాఱవైచి, ఇల్లు వీడి, ఇక మద్యము త్రాగను, బూతు పలుకను, తుపాకి ముట్టను అని యొక పెద్దమనిషికి మాట యిచ్చియుండెను. ఆ మాటయే అతని వ్యక్తిత్వమునకు దూలము. యుద్ధము ఆ దూలమునే విఱుగకొట్టెను.

ఈ స్థితికి ఎరిక్సన్ పెట్టిన పేరు ఐడెంటిటీ క్రైసిస్. మొదటి మాటకు "అస్మిత" యనియు "అస్తిత్వ" మనియు మనవారు అనువాదములు చేసిరి. రెండవదానికి "సంక్షోభము" అని వ్రాయుచున్నారు గాని, నాకు మన జాతకచక్రములలోని "గండము" అను మాటయే ఇంపు. గండము రోగము కాదు. నది దాటునప్పటి లోతు. ఈ గట్టుకైనను ఆ గట్టుకైనను చేర్చును. గ్రీకు వైద్యులును క్రైసిస్ అను మాటను, జ్వరము విడుచునో ప్రాణము విడుచునో తేలు ఘడియకే వాడిరి.

ఆయువునందలి గండములను ఎనిమిదింటిగ లెక్కపెట్టి పటము గీసినది దంపతులిద్దఱును. చంటిబిడ్డ తల్లిపాలతోబాటు లోకముపై విశ్వాసమును గ్రోలుటతో మొదలై, సిగ్గునకు లోనుగాక తన కాళ్ళపై నిలుచుట, చొరవ, బడిలో పనితనము, కౌమారమున నేనెవడనను ప్రశ్న, ఆపిమ్మట మఱియొకరితో మనస్సు కలుపుట, ఇట్లు సాగి, గడచిన బ్రదుకును ఇది నాదేయని యొప్పుకొనుటయో దానిని చూచి కుములుటయో యను వృద్ధాప్యపు గండముతో ముగియును. జోన్ చెప్పిన ముచ్చట యొకటి వినదగినది. పటము మొదట ఏడు మెట్లతోనే సిద్ధమయ్యెనట. ఉపన్యాసమునకై వెళ్ళుచున్న భర్తను కారులో రైలుస్టేషనుకు తీసికొనిపోవుచు, యౌవనదాంపత్యమునుండి ఒక్క గంతున ముసలితనమునకు దుముకుచున్న పటమును తలచుకొని, మనమెక్కడ నున్నామని ఆమె అడిగెనట. ముగ్గురు పిల్లలను పెంచుచున్న నడివయస్సువారిద్దఱును తమ్ము తామే మఱచిపోయిరి! తరువాతి తరమును పోషించు శ్రద్ధయను ఏడవ మెట్టు అట్లు వచ్చి చేరెను. ఈ పటము పురుషుని బ్రదుకును కొలబద్దగ చేసికొన్నదని, ఆయనతో హార్వర్డున పనిచేసిన కెరొల్ గిలిగన్ 1982లో ఆక్షేపించెను. ఆక్షేపణ న్యాయమైనదే. మెట్లు ఈ వరుసనే వచ్చునని నమ్ముటకును సాక్ష్యము చాలదు. పటమును పంచాంగమువలె చదువువారి చేతిలో అది పాడగును.

1950లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము అధ్యాపకులందఱును కమ్యూనిస్టులము కామని ప్రమాణపత్రమున చేవ్రాలు చేయవలెనని నిర్బంధించెను. ఆయన కమ్యూనిస్టు కాడు. ఐనను చేవ్రాలు చేయనని పదవి వీడి, మాసచూసెట్స్ రాష్ట్రమున స్టాక్‌బ్రిడ్జ్ అను పల్లెపట్టులోని ఆస్టిన్ రిగ్స్ చికిత్సాలయమున చేరెను. అక్కడ గదులకు తాళములుండవు. రోగులలో పలువురు యువకులు, యువతులు: చదువు నడుమ విఱిగినవారు, ఏమి కావలెనో తెలియక ఏదియు కానివారు. వీరికి మొదట కావలసినది ఔషధము కాదు, గడువు. అప్పులు ముంచుకొనివచ్చినప్పుడు ఋణదాత యిచ్చు గడువునకు బ్యాంకులవారు మొరటోరియం అందురు. ఆ మాటనే ఆయన యీ వయస్సునకు తెచ్చి పెట్టెను. ఏమగుదువో ఇప్పుడే తేల్చి చెప్పుమని లోకము తొందరపెట్టుచున్న యువకునకు, తేల్చకుండ కొంతకాలము తిరుగుటకు హక్కు కలదని చెప్పుట. ఇటలీలో బొమ్మలు గీయుచు తిరిగిన యువకుడు గాక మఱెవడు ఈ మాట కనుగొనగలడు! జోన్ ఆ చికిత్సాలయమున నాటకశాలను, చేతిపనుల శాలను నెలకొల్పెను. అక్కడ నేర్పువారు వైద్యులు కారు, నిజమైన కళాకారులు. అక్కడ అడుగిడినవాడు రోగి కాడు, శిష్యుడు.

ఆయన వ్రాసిన కథలలో స్కాట్లండు యాసలో మాటలాడు బాలిక కథ నాకు మఱపు రాదు. మధ్య యూరపునుండి వచ్చిన కుటుంబపు పిల్ల. స్కాట్లండునుండి వచ్చి స్థిరపడినవారితో రహస్యముగ తిరిగి, వారి యాసను, అలవాట్లను నేర్చి, తన బాల్యమంతయు అక్కడనే గడచినట్లు కట్టుకథ యల్లుకొనెను. ఇదంతయు ఎట్లు సమకూర్చుకొంటివని ఆయన అడుగగా, తనకొక గతము కావలసివచ్చినదని ఆ పిల్ల, అదే యాసలో, బదులు చెప్పెను. ఆ మాట విన్నప్పుడు, ఎరిక్ కుమారుడను పేరును తానే యల్లుకొన్న ఆ వైద్యుని మనస్సు ఎట్లుండెనో గ్రంథమున లేదు.

మఱియొకడు క్రైస్తవమఠవిద్యార్థి. ప్రచారకుడై ఆసియాఖండమునకు పోదలచినవాడు, సందేహముతో కుప్పకూలినవాడు. గుఱ్ఱపుబండిలో నొక పెద్దముఖము కూర్చున్నట్లును, ఆ ముఖమున కన్నుముక్కులేవియు లేనట్లును, చుట్టును పాములవంటి జుట్టు కదలుచున్నట్లును కలగని, మతిపోవుచున్నదని వణకుచు వచ్చెను. ఎరిక్సన్ ఆ శూన్యముఖమున ఒక్కరిని కాక పలువురిని చూచెను: గుఱ్ఱపుబండ్ల కాలపు తాతను, తల్లిని, ముఖము చూపని దేవుని, తుదకు తెల్లజుట్టు చెదరియుండెడి తన్నును. ఆ నడుమనే శస్త్రచికిత్సవలన ఆయన కొంతకాలము రోగికి కానరాకుండెను. తన్ను చూచి గుర్తించు ముఖము మాయమగునను భయము చంటిబిడ్డనాటిది. అదే భయము వృత్తిని, దైవమును ఏర్పఱచుకొను వయస్సున తిరిగి లేచెను. నేను మాయమైతినని నీకు నాపై కోపము కదా యని వైద్యుడు తన్నుగూడ లెక్కలో వేసికొనుటతో ఆ యువకుడు తేఱుకొనెను.

1962లో ఆయన అహ్మదాబాదునకు వచ్చెను. ఆయువు దశలనుగూర్చి సదస్సు నడపవచ్చిన అతిథికి ఆతిథ్యమిచ్చినది, 1918 నాటి మిల్లుకూలీల సమ్మెలో గాంధీకి ప్రత్యర్థియైన అంబాలాల్ సారాభాయి. నలువదియెనిమిదేండ్ల గాంధీ ఆ సమ్మెలో నిరశన పూనుటను ఎరిక్సన్ నడివయస్సు గండముగ తీసికొని, 1969లో "గాంధీస్ ట్రూత్" ప్రచురించెను. దానికి మఱుసటియేడు పులిట్జర్ బహుమానము వచ్చెను. ఇంజనీరింగును అర్థశాస్త్రమును చదివిన సుధీర్ కక్కర్ మనోవిశ్లేషకుడగుటకు అహ్మదాబాదున ఆయనను కలిసికొనుటయే కారణము. మన ఆశ్రమధర్మములను ఆయన శ్రద్ధతో తన పటము ప్రక్కన పెట్టి చూచెను. నాకు తోచిన భేదమొకటి: మన ఆశ్రమచతుష్టయము ఉపనయనముతో మొదలగును; ఆయన పటమున తొలిమెట్లు ఉపనయనమునకు ముందటివే. అంతియగాక మన వరుసలో ఆడుదానికి వేఱు మెట్లు లేవు.

ఆ గ్రంథము నడుమ ఆయన చనిపోయిన గాంధీకి ఒక లేఖ వ్రాసెను. సత్యమును వ్రతముగ పూనిన మీరు, కస్తూరిబాయి యెడను ఆశ్రమపు పిల్లల యెడను చూపిన కాఠిన్యమున, మీకే తెలియని హింసయు అసత్యమును కలవని నిష్ఠురముగ వ్రాసెను. చదివినప్పుడు మెచ్చుకొంటిని. తరువాత, 1999లో లారెన్స్ ఫ్రీడ్‌మన్ వ్రాసిన జీవితచరిత్ర చదివితిని.

1944లో ఎరిక్సన్ దంపతులకు నాలుగవ బిడ్డ కలిగెను. డౌన్ సిండ్రోమ్ గల శిశువు. మిత్రుల సలహాపై బిడ్డను ఇంటికి తీసికొనిరాక శరణాలయమునకు పంపిరి. పెద్దపిల్లలకు మాత్రము బిడ్డ పుట్టగనే పోయినదని చెప్పిరి. ఆ బిడ్డ సుమారు ఇరువదియేండ్లు బ్రదికి, తల్లిదండ్రులు ఇటలీలో నుండగా కన్నుమూసెను. పుస్తకముల పెట్టె యని తల్లి చెప్పిన శవపేటికను అంత సూక్ష్మముగ పట్టుకొన్న వైద్యుడు ఇంట నిట్లు చెప్పెను. కన్నతండ్రి పేరు దాచిన తల్లి మంచి యుద్దేశముతోనే దాచెను, శామ్ తల్లియు అంతే, వీరును అంతే. ఆ కాలమున అట్టి శిశువులను శరణాలయమునకు పంపుట వైద్యులు హితవుగ చెప్పుచుండిరనుట నిజము. ఐనను పెద్దపిల్లల ముందర ఆ భోజనపు బల్లయొద్ద ఎన్ని సంవత్సరములు ఎవరు ఏ ముఖము పెట్టుకొని కూర్చుండిరో తలచుకొన్న నాకు డొమినోపలకలే జ్ఞాపకము వచ్చుచున్నవి.

ఎనిమిది మెట్ల పటము రూపుదిద్దుకొనినది ఆ సంవత్సరములలోనే. ఆరోగ్యవంతమైన వ్యక్తిత్వము ఎట్లు పెరుగునో చెప్పుటకు దానిని 1950లో లోకము ముందు పెట్టిరి. ఎరిక్సన్ 1994 మే 12వ తేదీన, కన్నతండ్రి పేరు తెలియకయే, హార్విచ్ పట్టణమున మరణించెను. తొంబదులు దాటిన జోన్ 1997లో తొమ్మిదవ మెట్టును చేర్చి, కాళ్ళు చేతులు మాట విననినాడు మనుష్యుడు తిరిగి మొదటిమెట్టున, విశ్వాసమునకు ముందు అవిశ్వాసమునే, ఎదుర్కొనవలసి వచ్చునని వ్రాసెను. మొదటి పటమును నేను మఱల తీసి చూచితిని. అడ్డముగ 8, నిలువుగ 8, వెరసి 64 గళ్ళు. మూలనుండి మూలకు మెట్లవలె 8 గళ్ళలో మాత్రము వ్రాతయున్నది. తక్కిన 56 గళ్ళును ఖాళీగనే అచ్చయి యున్నవి.